ఏరిన పాటలు

బళ్ళారిలో పాత సామాన్ల అంగట్లో
మా సేటు బేరమాడి తెచ్చిన పెట్టె అది.
లోపల ఎవరిదో డిస్కు ఇరుక్కోని ఉండాది.
స్క్రూడ్రైవరు పెట్టి చూసినారు, తలపిన్ను పెట్టి చూసినారు,
పొలమారిన బిడ్డకు వీపు తట్టినట్టు
వన్నూరప్ప నాలుగు తట్టినాడు.
రాలేదు.
ఆ యేడంతా కళ్యాణదుర్గం శెనక్కాయల మిల్లులో
మాకు ఆ ఒక్కడి గొంతే.

చిన్న పచ్చ అద్దంలో అక్షరాలు పాకుతా పోతాంటే
గుమాస్తా ఇమాంసాబు కూడబలుక్కోని చదివినాడు:
గ్రేటెస్ట్ హిట్స్. పద్దెనిమిది.
పాడినోడి పేరు మాత్రం సగం దాకా వచ్చి
మళ్ళీ మొదటికి పోయేది.
రెగ్గే అంటారమ్మా దీన్ని, వాళ్ళది జమైకా,
సముద్రం మధ్యలో దీవి, అన్నాడు.
సముద్రం చూడని పదకొండు మంది ఆడోళ్ళం
సరేలే అని
చేటల్లోకి వంగినాం.

ఏరడమంటే చెప్తా.
వలిచిన పప్పు ముందర కుప్ప పడతాది.
నున్నగా, నిండుగా, తోలు చిట్లనిది విత్తనానికి.
బద్దలైంది నూనెకు.
ముడతలు పడింది, ముక్కు విరిగింది, పుచ్చుది
పక్కకు.
మూటకింత అని కూలి.
వేలికే కన్నుంటాది, మనం చూడబల్లేదు.
చెవులు ఖాళీ.

మూడో పాటలో వాడు ఎవరినో బతిమాలతాడు.
అప్పు అడుగుతాండాడని హుసేనమ్మ.
కాదు, పెండ్లాం తలుపు తీయలేదని సుంకమ్మ.
ఏడో పాటలో దగ్గుతాడు, నిజం దగ్గే, పాట మధ్యలో.
అది తీసెయ్యకుండా ఉంచినోడెవడో గానీ
మంచోడు.
పన్నెండు దాటితే వేరే మనిషి.
డప్పు పరిగెత్తుతాది, మాటలు
జల్లెట్లో బుడ్డలు పడినట్టు పటపటా రాల్తాయి.
డాన్స్‌హాల్ పాటలంట అవి.
సేటుకు అవే ఇష్టం, మా చేతులు పరిగెత్తుతాయని.
మధ్యాన్నం ఆయన కునుకు తీస్తానే
మేం మూడుకు తిప్పేవాళ్ళం.

మూటలు మోసే కుళ్ళాయప్ప
ఉరుములు వాయించే ఇంటి పిల్లోడు.
గంగమ్మ జాతరలో వాళ్ళ నాయన దెబ్బకు
కుక్కలు గూడా అరుపు మానేవంట.
మూట దించి, తువ్వాలతో మెడ తుడుచుకోని,
చెవి పెట్టి వాడన్న మాట ఇది:
అక్కా, వీడు మొదటి దెబ్బ వేయడం లే.
ఆడ ఖాళీ.
ఆ ఖాళీలో కాలు పెట్టి చూడు, పడవు.

మొదటి దెబ్బ పడకపోవడం
మాకు తెలియని సంగతా.
మిరుగు అట్లే పోతాది మా చేన్లలో.
ఆరుద్రకు ఉరిమి, పక్క మండలానికి పోతాది మబ్బు.
విత్తనం పిడికిట్లో పట్టుకోని
ఆ ఖాళీలో నిలబడే ఉంటాం.

ఒకనాడు పదో పాట సగంలో కరెంటు పాయె.
కుళ్ళాయప్ప ఖాళీ నూనె డబ్బా తిరగేసినాడు.
ఒకటి వదిలి, రెండు వదిలి,
మూడోదాని మీద అరచెయ్యి.
చేటల చప్పుడు పోయి దాంట్లోనే కలిసె,
ఎవరూ ఎవరికీ చెప్పలేదు.
సుంకమ్మ నోట్లోనే ఏందో అనుకుంటా ఉండె.
మాటలు కావు, మూడో పాటలో బతిమాలుడు.
ఎవరినని నేను అడగలేదు.

నాకు ఒకటే అనుమానం.
ఈ పద్దెనిమిదీ ఎవరు ఏరినారు?
పాడినోడా, అమ్ముకునేటోడా?
ఇంత గొంతున్న మనిషి పద్దెనిమిదే పాడింటాడా?
పక్కకు పోసినవి యాడ, ఏ మూల, ఎన్ని మూటలు?
కుళ్ళాయప్ప నాయన దెబ్బ
ఒక్కటన్నా ఏ పెట్టెలోనూ ఇరుక్కోలేదు.

పొద్దుగూకినాక, పక్కకు పోసిన పప్పు
కొంగున పిడికెడు కట్టుకుంటే
సేటు చూసీ చూడనట్టు ఉంటాడు.
ఆ ముడతల పప్పు ఇసుకలో వేయించి తిని చూడండి.
ఇంకేం చెప్పను.

సీజను అయినాక పెట్టెను బళ్ళారికే అమ్మేసినారు,
డిస్కుతో సహా,
పేరు సగమే తెలిసిన మనిషితో సహా.
ఎవరన్నా కొనింటే
ఏడో పాటలో దగ్గు వస్తాది,
పెట్టె చెడిపోయిందనుకోవద్దని చెప్పండి.